కోత ఆపిన యంత్రం

పెనుకొండ చుట్టుపక్కల ద్రాక్షతోటలన్నీ కోతయంత్రాల మాట మీదే నడుస్తున్న రోజులవి. ఆశ్వయుజంలో ఒక పొద్దున, వైను చేసే ఓబుళమ్మ తోటలో యంత్రం టక్కున ఆగింది.

"తీపి చాలదు. మూడు రోజులు ఆగాలి," అంది యంత్రం.

కొండ మీద చూస్తే మబ్బు కమ్ముకొస్తోంది. వాన పడితే పండు పగిలిపోతుంది. ఓబుళమ్మ కొంగు బిగించి, పక్కింటి రంజాన్‌బీతో సహా వీధిలో ఆడవాళ్లందరినీ కేకేసింది.

"కోసి ఇరవై ఏండ్లాయె. చేతులు మర్సిపోయింటాయేమో అక్కా," అంది రంజాన్‌బీ.

"నోట్లో ముద్ద పెట్టుకునేది మర్సిపోయినాయా? రాయే!"

నవ్వుకుంటూ, పాడుకుంటూ సాయంత్రానికి తోటంతా కోసేశారు. ఆఖరి గంప కొట్టంలోకి చేరగానే వాన దంచికొట్టింది. తెల్లారేసరికి మిగతా తోటల్లో గుత్తులన్నీ పగిలిపోయాయి.

ఓబుళమ్మ తొట్టిలో వేలు ముంచి రసం నాకింది. మొహం చిట్లించి యంత్రం వైపు తిరిగింది.

"నువ్వు సెప్పింది నిజమేలే, పులుపే. ఏమీ లేనిదానికన్నా పులుపు మేలు గదా!"