ఐదో భాగానికి అరువు గొంతు

సినిమా చెప్పేవాడికి గొంతు పోయింది.

అదీ ఆదివారం మధ్యాహ్నం, రేకుల హాల్లో అరవై మంది బెంచీల మీద సర్దుకుని కూర్చున్నాక.

మా ఊరు కసోలోలో పరాయి భాష బొమ్మను ఎవరూ ఊరికే చూడరు. పక్కన ఒకడు మైకు పట్టుకుని మా లుగాండా భాషలో చెప్పాలి. జోకులూ వాడే వేయాలి. ఆ పని కిగోజీది. ఇవాళ అతని నోట్లోంచి గాలి తప్ప మాట రావట్లేదు.

తెర మీద హత్యల సీరియల్, ఐదో భాగం. శవాన్ని అడ్డం పెట్టుకుని నవ్వించే రకం. నీళ్ల తొట్టిలో శవం, పక్కన ఇద్దరు పోలీసులు. ఏం వాదించుకుంటున్నారో ఒక్కడికీ తెలియదు.

"మూగ బొమ్మ చూడ్డానికా వచ్చింది?" అని గోల.

హాలు యజమానురాలు కవలలమ్మ. కవలల్ని కన్నతల్లిని మా దగ్గర అలాగే పిలుస్తారు. ఆమె పెద్ద కవల వాస్వా ఎనిమిది నెలల కిందట ఠాణాకు నడిచి వెళ్లాడు. శవాలకు చుట్టే బెరడు గుడ్డలో చుట్టి తెచ్చి పోలీసులు ఇంటి ముందు దింపారు. వదిలేశాక దారిలో మోటారు సైకిలు మీంచి పడ్డాడన్నారు.

ఆమె నమ్మలేదు.

కోసి చూసిన డాక్టర్ సెంపీజా లంచం మింగి, ఒక్క ముక్క రాయకుండా పారిపోయాడని సార్జెంట్ లుబేగా చెప్పాడు. అది మాత్రం నమ్మింది. రోజూ పొద్దున్నే హాలు ఊడుస్తూ, తానెప్పుడూ చూడని ఆ సెంపీజా పేరెత్తి చీపురు నేలకేసి కొడుతుంది. నా కొడుక్కి ఏమైందో ఒక్కడు చెప్తే చాలు అంటుంది.

ఆ లుబేగా ఇప్పుడు ముందు బెంచీలోనే ఉన్నాడు. మా ఆడవాళ్ల మర్యాద ప్రకారం ఆమె మోకాళ్లు వంచి నేల మీద కూర్చుని అతనికి సోడా అందించింది. హాలు లైసెన్సు అతని చేతిలో ఉంది మరి.

"నేను చెబుతా."

వెనక బెంచీలోంచి ఒక ముసలాయన లేచాడు. చేతిలో నల్ల గొడుగు. ఊరివాడు కాదు.

"నీకీ భాష వచ్చా తాతా?" అంది కవలలమ్మ.

"శవం కథేగా. వచ్చు."

హాలంతా నవ్వింది. కిగోజీ మైకు ఇచ్చేశాడు.

తెర మీద పొడుగు పోలీసు వేలు ఆడిస్తున్నాడు.

"'మోటారు సైకిలు మీంచి పడ్డాడని రాయవయ్యా!'" అన్నాడు ముసలాయన.

పొట్టి పోలీసు బుర్ర గోక్కున్నాడు.

"'ఒంటి మీద దుమ్మే లేదు సార్, ఎలా రాసేది?'"

"'పెన్నుతో రాయి!'"

హాలు గొల్లుమంది. లుబేగాకు సోడా పొరబోయింది.

"'మోకాళ్లు గీసుకుపోలేదు సార్. అరికాళ్లు మాత్రం చిట్లిపోయాయి. అరికాళ్ల మీద కొట్టే మోటారు సైకిలు ఎక్కడిది సార్?'"

ఈసారి సగం హాలే నవ్వింది.

"'మన ఠాణాది!'"

ఎవరూ నవ్వలేదు.

లుబేగా సోడా కింద పెట్టాడు. "ఏయ్ ముసలోడా! బొమ్మలో అలా ఉందా?"

"మీకీ భాష వచ్చా సార్?"

"రాదు."

"మరి కూర్చోండి. నాకొచ్చు."

ఎవరో ఈల వేశారు. లుబేగా కూర్చోలేదు. తలుపు దగ్గరున్న ఇద్దరు కానిస్టేబుళ్లకు కళ్లతో సైగ చేసి, ఇటు తిరిగాడు.

"కవలలమ్మా, రేపట్నుంచి ఈ హాల్లో కోళ్లు పెంచుకుంటావా?"

ఆమె పరుగున వెళ్లి మైకు పట్టుకుంది.

"దిగు తాతా. నీకు దణ్ణం పెడతా. నా కూడు చెడగొట్టకు."

"కాగితాన్నయితే ఒక్కడు చింపేస్తాడమ్మా. అరవై జతల చెవుల్ని ఎవడు చింపుతాడు?"

ఆయన మైకు వదల్లేదు. తెర వైపు తిరిగి ఆఖరి మాట చెప్పాడు.

"'వాడు పడలేదు సార్. ఎగిరిపోయాడు. అదే రాశాను. చెరపను.'"

"పొట్టోడు నోరే తెరవలేదు కదా, పిచ్చి ముసలోడా!" అని వెనకనుంచి అరుపు. వేరుశనగ తొక్కలు వచ్చి పడ్డాయి.

ఆమె మైకు గుంజుకుని ఆయన్ని తోసింది.

ఆయన హాల్లోనే గొడుగు విప్పుకున్నాడు. తొక్కల వానలో తీరిగ్గా నడిచి బయటికి పోయాడు. వెనకే కానిస్టేబుళ్లు.

ఆ మాట ఆమెకు ఆలస్యంగా తగిలింది.

ఎగిరిపోయాడు.

మనుషులు చనిపోతారు. కవలల్ని మాత్రం మా దగ్గర చనిపోయారని అనరు, ఎగిరిపోయారంటారు. ఆ బొమ్మలో కవలలెవరూ లేరు.

మైకు కిగోజీ మీదికి విసిరి బయటికి పరుగెత్తింది.

రోడ్డు మీద పోలీసు జీపు లేపిన దుమ్ము. దుమ్ములో వెల్లకిలా పడిన గొడుగు.

"తాతా!"

దుమ్ము అణిగింది. పిడికిలి విప్పి చూసుకుంటే అందులో మడత పెట్టిన కాగితం. మైకుతో పాటు ఎప్పుడు కుక్కాడో.

అక్కడే విప్పి, మొదటి వరుస చూసి, లోపలికి వచ్చింది.

"ఏం కవలలమ్మా, బొమ్మ ఆడించు. ఇంకో సోడా పట్రా," అన్నాడు లుబేగా.

ఆమె సోడా తేలేదు. మోకాళ్లు వంచలేదు. మైకు అందుకుంది.

"మిగతాది నేను చెబుతా."

"నీకా భాష వచ్చా?"

"ఇప్పుడే వచ్చింది. కూర్చో."

వెనక బెంచీలవాళ్లు లేచారు. ఒక్కొక్కరే వెళ్లి తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. లుబేగా వాళ్లను చూశాడు. కూర్చున్నాడు.

"'వాస్వా. కవలల్లో పెద్దవాడు. వయసు ఇరవై రెండు,'" అని చదివింది. "'అరికాళ్ల మీద పదకొండు దెబ్బలు. కర్రతో కొట్టినవి. పడిన గుర్తులు లేవు. పడలేదు. కొట్టారు. ఎగిరిపోయాడు.'"

ఒక్క అక్షరం దగ్గర కూడా ఆమె ఆగలేదు.

కింద సంతకం దగ్గర మాత్రం ఆగిపోయింది. ఎనిమిది నెలలుగా రోజూ పొద్దున్నే చీపురు నేలకేసి కొట్టి తాను తిట్టిన పేరే అది: సెంపీజా, డాక్టరు.