ఏడింటి గంట

మిల్లులో ఏడింటి గంట మోగగానే లొవీనా, నేనూ మగ్గాలు వదిలేసి పరుగెత్తాం. జుట్టుకంటిన దూది కూడా దులుపుకోలేదు. రోజుకు పది గంటల పని చాలని శాసనసభలో పోరాడుతున్న పెద్దమనిషి, ఈ సాయంత్రం ఏడు దాటగానే మా లోవెల్ ఊరికి వచ్చి మా గోడు వింటానన్నాడు.

వీధి చివర హాలుకి కాపలా ముసలాయన తాళం వేస్తున్నాడు.

"ఇప్పుడా రావడం? ఖాళీ బెంచీలు చూసి చూసి వెళ్లిపోయాడమ్మా. 'వాళ్లకే పట్టనిది నాకెందుకు' అన్నాడు."

"అదేంటి తాతా! మిల్లు వదలగానే వచ్చాం కదా!" అన్నాను.

అప్పుడే చర్చి గడియారం ఎనిమిది కొట్టింది.

లొవీనా మెట్ల మీద కూలబడి తల కొట్టుకుంది.

"మిల్లు గడియారం ముల్లు రోజూ వెనక్కి తిప్పుతున్నారని చెప్పుకోడానికే కదే, ఆయన దగ్గరికి వచ్చింది!"