పట్టాలకి అడ్డంగా వెదురు

ముత్యాలమ్మ మొగుడు సుక్రుకి ఆ కొండల్లో తెలియని సంగతి లేదు. వానెప్పుడొస్తుందో తెలుసు, రైలెలా నడుస్తుందో తెలుసు, పెళ్లాం ఎక్కడ తప్పు మాట్లాడుతుందో అందరికన్నా ముందే తెలుసు. రానిదల్లా వేటొక్కటే.

1926లో, మగవాళ్లు వేటకెళ్తే ఆడవాళ్లు దారులు కాసే ఇటుకల పండగ పొద్దున, విల్లు భుజాన వేసుకుని వేటకి వెళ్తూ కూడా పాఠం చెప్పే వెళ్లాడు.

"వెదురు అడ్డమెట్టి దార్న పోయేవోళ్లని ఆపుతారు, సరే. రైలుబండిని కూడా ఆపుతావేటే? అది దొరల బండి. ఆగదు."

"ఆగుతాది మావా. ముందు నువ్వు ఈ ఏడైనా వట్టి సేతుల్తో రాకుండా సూసుకో. పేడనీళ్లు కుండ నిండా కలిపి ఉంచినాను."

వేట దొరక్క తిరిగొచ్చిన మగాడికి ఆ పండగలో అదే స్నానం. సుక్రుకి వరసగా రెండేళ్లు అదే జరిగింది.

అనేసిందే గానీ, ముత్యాలమ్మకి లోపల దడే. ఊళ్లో ఆడవాళ్లందరికీ ధైర్యం చెప్పి పట్టాల మీదకి తెచ్చింది తనే. ఇవాళ ఆగకపోతే వచ్చే ఏడు ఆపి చూపించడానికి బండే ఉండదు. బొగ్గనుకుని దొరలు కొండ తవ్వించి, రైలు కూడా వేయించాక తేలింది, ఆ నల్లరాయి ఎంత ఊదినా మండదని. గని మూసేశారు. ఇదే ఆఖరి బండి.

మిట్టమధ్యాహ్నం కూతపెడుతూ వచ్చింది. వెదురుకి జానెడు దూరంలో ఆగింది.

డ్రైవరు ఎలీయేజరు తల బయటపెట్టాడు. "పట్టాల మీద ఈ వెదురేంటమ్మా?"

"పండగ బాబూ. ఈ దారంట ఎల్లేవోళ్లు ఏదో ఒకటి ఇచ్చుకోవాల."

"ఇది దొరల దారి!"

"దొర నిన్ననే కొండ దిగిపోనాడు కదా. మిగిలింది దారే. అది మాదే."

ఎలీయేజరుకి నవ్వాగలేదు. "నా దగ్గర సగం కాల్చిన చుట్టొకటుంది. వద్దంటే, వెనక పెట్టెలోంచి మీకు నచ్చింది తీసుకోండి."

ముత్యాలమ్మ పెట్టెక్కి నల్లరాళ్ల గుట్ట మీద చెయ్యి వేసింది.

గుట్ట తుమ్మింది.

"ఎలుగు! ఎలుగుబంటి!"

కర్రలు లేచాయి. చేతికందిందని ఎవరో కిందనుంచి, పట్టాల పక్కన పెట్టుకున్న పేడనీళ్ల కుండే ముత్యాలమ్మకి అందించారు. రాళ్లు దొర్లాయి. నిలువెల్లా నల్లగా ఒక ఆకారం రెండు కాళ్ల మీద లేచి, రెండు చేతులూ పైకెత్తింది.

"కొట్టకండి, కొట్టకండి! ఆగదు, మీ కంట పడకుండా ఊరు దాటిపోతాననుకునే ఎక్కినాను... తప్పు నాదే ముత్యాలూ, బండి ఆగుతాది! ఆ కుండ కిందెట్టే!"