చేదు చీమలు

వానకు కార్తెలంటూ లేని ఒక అడవిలో, ఆకుదొప్పలో నిలిచిన గుక్కెడు నీళ్లే ఇల్లుగా కెంపు అనే ఎర్ర కప్ప ఉండేది. పండుమిరపకాయ కూడా సిగ్గుపడే ఎరుపు దానిది. పక్క దొప్పలో దాని పిన్ని నీలాలు ఉండేది. ఆమె నీలిరంగు సంగతి మొదలుపెడితే కథ ముందుకు సాగదు.

ఆ అడవిలో రంగురంగుల కప్పలన్నీ చేదు చీమలు తినేవి. కెంపు మాత్రం పండ్ల మీద వాలే ఈగల రుచి మరిగింది.

"చీమలు తినరా. మన ఒంట్లో విషం వాటివల్లే," అనేది పిన్ని.

"నా రంగు చూస్తేనే పాములు పారిపోతాయి పిన్నీ. ఇంకా ఆ చేదెందుకు?"

ఒకరోజు పాము రానే వచ్చింది. ఎరుపు చూసి ఆగింది. నాలుక ఆడించి, "నీ దగ్గర పండు వాసనేస్తోందే!" అంటూ నోరు తెరిచింది. కెంపు దొప్ప అంచుకు నక్కింది.

నీలాలు ఒక్క గెంతులో మధ్యకొచ్చి కూర్చుంది.

"ముందు నన్ను రుచి చూడు నాయనా."

పాము ఆమెను వాసన చూసి, మొహం చిట్లించి, వచ్చిన దారినే పోయింది.

పిన్ని కెంపును చీమల బారు దగ్గరికి తీసుకెళ్లింది. కెంపు ఒక చీమను మింగి, కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఎలా ఉందిరా?"

"కమ్మగా ఉంది పిన్నీ," అంటూ రెండోదాన్ని అందుకుంది.