రెండోసారి పెట్టిన గుండీ

“ఆగు, ఆగు! గీ చెయ్యి చూడు రామచంద్రం!”

లక్ష్మణ్‌రావు రిమోట్ నొక్కి సినిమా ఆపాడు. గోడంత తెర మీద తెలుపు నలుపుల్లో ఒక ఓడరేవు నిలిచిపోయింది. నాయిక చెయ్యి నాయకుడి కోటు గుండీ మీద ఉంది.

మెట్‌పల్లిలో ఇంగ్లీషు లెక్చరర్‌గా రిటైరయిన లక్ష్మణ్‌రావుకు ఆదివారం అంటే ఈ సినిమానే. ఎప్పటిదో హాలీవుడ్ ప్రేమకథ. చూసేది ఇద్దరు. ఆయన, ఎదురింటి రామచంద్రం. భార్య ప్రమోదిని చాయ పెట్టే మనిషి. ఆమె లెక్కలోకి రాదు.

“వచ్చే ఓడకు నేనొస్త, నువ్వు నడువు అంటున్నది. రాదు. రానని ఆమెకు ఎరుకే. వానికే తెల్వది. అబద్ధమాడుతున్నదని మనకెట్ల తెలిసింది చెప్పు?”

“మొఖం చూస్తే...”

“నీ తలకాయ! మొఖంల ఏముంది? నవ్వుతనే ఉన్నది. టోపీ నీడ కింద కండ్లు గూడ సక్కగ కనవడ్తలేవు. గుండీ చూడు. పెట్టి ఉన్న గుండీనే ఇప్పి మళ్ల పెట్టింది. చేతులకు పని లేకుంటే వణుకుతయని. ఒక్క చుక్క కన్నీళ్లు లేవు. గదీ నటనంటే! ఇప్పటోళ్లు ఏడిస్తే కింద బకెట్ పెట్టాలె.”

ఆ మాట పూర్తికాకముందే ఆయన్ను దగ్గు పట్టుకుంది. ఆయన చెయ్యి చాపేలోగానే ప్రమోదిని నీళ్ల గ్లాసు అందించింది.

“ఇంక తగ్గలేదా రావుసాబ్?” అన్నాడు రామచంద్రం.

“దుమ్ము పడ్తలేదట. మొన్న ఛాతి ఫోటో తీసిన డాక్టరు గంతే అన్నడని ఈమెనే అడిగొచ్చి చెప్పింది. ఫికర్ లేదు.”

అంతలో వాకిట్లో గ్యాస్ బండి ఆగింది.

“ఎవరి పేరు మీదున్నదమ్మా?”

ప్రమోదిని గుమ్మంలో నిలబడి కొంగు సర్దుకుంది.

“గదే... రాముని తమ్ముడు.”

“భరత్‌రావా?”

“కాదు బిడ్డా. అడవికి తోడు పోయినాయన.”

లోపల లక్ష్మణ్‌రావు తొడ చరుచుకున్నాడు. “ఇన్నవా! నలభై ఏండ్ల సంసారం. పేరడిగితే రామాయణం చెప్తది.”

“పేరు పలికితే మొగని ఆయుష్షు తగ్గుతదని మా అవ్వ చెప్పేది” అంది ప్రమోదిని లోపలికి వస్తూ.

“సినిమాల గా పిల్ల పేరు పెట్టి పిలిస్తే పానం లేచొస్తది. నీకు పేరూ రాదు, నవ్వూ రాదు, ఏడుపూ రాదు. గోడ నయం, మేకన్న కొట్టుకోవచ్చు.”

రామచంద్రం ఇబ్బందిగా చాయ కప్పులోకి చూసుకున్నాడు. ప్రమోదిని ఖాళీ గ్లాసు తీసుకుంది.

“ఇగో, రేపు కరీంనగర్ పోవాలె. మోకాలు మస్తు నొస్తున్నది. పెద్ద దవాఖానల టైమిచ్చిండ్రు.”

“మోకాలికి కరీంనగరా? నూనె రాసుకో.”

“రేపు తప్పితే గా పెద్ద డాక్టరు నెల దాకా దొరకడు.”

“అయితే బస్సెక్కి పో.”

“ఒక్కదాన్ని పోలేను. మీరు రావాలె.”

ఆమె ఎన్నడూ ఇంత పట్టుబట్టలేదు. లక్ష్మణ్‌రావుకు అనుమానం వచ్చింది.

“ఏదీ, జర నడువు. చూస్త.”

ప్రమోదిని తెర దాకా కుంటుకుంటూ పోయి, కుంటుకుంటూ వచ్చింది. ఆయన పగలబడి నవ్వాడు.

“నిన్న ఎడమకాలు కుంటినవ్. ఇయ్యాల కుడికాలా? రామచంద్రం, చూసినవా మన ఇంటి హీరోయిన్ను! ఏ కాలు నొస్తున్నదో గూడ యాది లేదు!”

“రెండు నొస్తున్నయ్.”

“కాళ్లు నొస్తలేవు, కరీంనగర్ బట్టల దుకాణాలు గుంజుతున్నయ్. నిజం చెప్పు.”

ప్రమోదిని చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టింది.

“అవు. చీర కొనుక్కోవాలె. ఇప్పుడన్న వస్తరా?”

“గట్ల చెప్పు!” లక్ష్మణ్‌రావు గెలిచాడు. గెలిచినప్పుడు ఆయన ఏదైనా ఇస్తాడు. “వస్త తియ్. ఇంత అబద్ధం గూడ అతకరాని మనిషివి, నువ్వేం బతుకుతవే!”

మళ్లీ రిమోట్ నొక్కాడు. ఓడ కూత పెట్టింది. నాయిక చెయ్యి ఊపింది. నవ్వుతూనే ఉంది.

“అసలు సీను వచ్చినప్పుడే వంటింట్లకు పోతది చూడు” అన్నాడు లక్ష్మణ్‌రావు, వెనక్కి తిరగకుండానే. “గాడిదకేం తెలుసు గంధపు వాసన!”

వంటింట్లో నల్లా చాలాసేపు పారుతూనే ఉంది.

మర్నాడు పొద్దున కారెక్కబోతుంటే ప్రమోదిని ఆయన మెడలోని మఫ్లర్ విప్పి, మళ్లీ చుట్టింది.

“మంచిగనే ఉన్నది గదా! మళ్లేంది?”

“చలి” అంది ఆమె.

దారి పొడుగునా ఆయన ఆ సినిమా గురించే మాట్లాడాడు. అట్లాంటి నటి మళ్లీ పుట్టదన్నాడు. ప్రమోదిని ఊ కొట్టింది. మధ్యలో ఆయన రెండుసార్లు దగ్గితే డ్రైవర్‌ను అద్దాలు ఎక్కించమంది.

దవాఖానలో ఆయన గుమ్మం పక్క కుర్చీలో పేపర్ విప్పుకుని కూర్చున్నాడు. ప్రమోదిని కౌంటర్ వైపు గబగబా నడిచింది.

“ఇగో!” వెనక నుంచి ఆయన గొంతు హాలంతా వినిపించింది. “కుంటుడు మరిచినవ్!”

నలుగురు తిరిగి చూసి నవ్వారు. ప్రమోదిని తిరిగి చూడలేదు.

“పేషెంట్ పేరు చెప్పండమ్మా” అంది కౌంటర్ దగ్గరి అమ్మాయి.

పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి ప్రమోదిని ఆ పేరును పైకి పలికింది: “లక్ష్మణ్‌రావు.”