మసక తుడిచిన వంతెన

మా మ్యూజియంలో తుడిచేది మరమనిషి. ఏది తుడవాలో దానికి చెప్పడం నా పని. ఆ ఉదయం నదీ వంతెన చిత్రం ముందున్న అద్దానికి దుమ్ము పట్టి ఉంది.

"మసకంత తుడువు" అని చెప్పి నీళ్లకు వెళ్లాను.

తిరిగొచ్చేసరికి అద్దం తీసి పక్కన పెట్టి ఉంది. ఎవరో ఫ్రాన్సు దొర రెండువందల ఏళ్ల కిందట వేసిన పొగమంచు ఒక్క చుక్క మిగల్లేదు. ఆ మంచులో లీలగా నడిచే మనుషులూ దానితోపాటే పోయారు. మంచు కింద దాగిన వంతెన కమ్మీలు మాత్రం లెక్కపెట్టేలా తేలి ఉన్నాయి.

"ఏం జేసినవ్?" అని అరిచాను.

"మసక తుడిచానమ్మా" అంది మరమనిషి మర్యాదగా.

నా కేకకు అధికారి వినీలా మేడమ్ పరుగెత్తుకొచ్చారు.

"నేను అద్దం సంగతి చెప్పిన మేడమ్. మనుషులు పోయిన్రు!"

అప్పటికే జనం మూగి ఫొటోలు తీస్తున్నారు. "ఇప్పుడు గదా బ్రిడ్జి లెక్క కనబడ్తున్నది!" అన్నాడొకాయన.

మేడమ్ జనాన్ని చూశారు. నా భుజం తట్టారు.

"భయపడకు బాలనర్సమ్మా. లోపలి హాల్ల ఇసొంటివి ఇంక పదకొండున్నయ్. అవి గూడ తుడవమను."

మరమనిషి నా వైపు తిరిగింది. నేను దాని చేతిలోని గుడ్డ లాక్కున్నాను.