సొలోమోను మెచ్చిన అల్లుడు

“నల్లబడిండాది. ఈ సంబంధం వద్దు” అంది పెద్దమ్మ.

పెళ్ళిచూపులకొచ్చిన మూడో అబ్బాయి బూందీ ప్లేటు అట్లాగే పట్టుకుని పక్కనున్న ఎండు జామకొమ్మ వైపు చూశాడు. దాని మీద పెద్దమ్మ పెంచుకునే ఊసరవెల్లి బొగ్గులా కూర్చుని ఉంది. పేరు సొలోమోను.

సంబంధం తెచ్చిన దావీదురాజు తల పట్టుకున్నాడు. “అది చుట్టూ ఉండే రంగును బట్టి మారతాది పెద్దమ్మా.”

“ఆ నమ్మకంతోనే గదప్పా ఈ పిల్లోనికి చొక్కా, ప్యాంటు, సాక్సు దాకా పచ్చవి ఏయించుకొచ్చినావు. అయినా నల్లబడ్లా? అది మనసు చూస్తాది.”

పచ్చబట్టల అబ్బాయి బూందీ ముగించి వెళ్ళిపోయాడు.

తల్లిలేని ప్రేమజ్యోతిని పెంచింది పెద్దమ్మే అయినా, ఆ పిల్ల పెళ్ళికి ఊ అనాల్సింది మాత్రం సొలోమోను. ఆ సంగతి వేంపల్లె అంతటికీ తెలుసు. తెల్లవారుజామున చల్లగాలికి అది నల్లగా ఉంటుంది. పెద్దమ్మ దాని ముందు కూర్చుని గంటసేపు ప్రార్థన చేస్తుంది. ఆమెన్ అనేసరికి కిటికీలోంచి ఎండ పడి, సొలోమోను పచ్చగా నిగనిగలాడుతుంటుంది. తన ప్రార్థనకే దాని రంగు తేలుతోందని ఆమె నమ్మకం. ఆమెతో ఎవరు వాదిస్తారు?

మర్యాదలకు మాత్రం లోటు లేదు. ఎవరొచ్చినా కొమ్మ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, కూలర్ వేసి, బూందీ పెట్టి, ప్రేమజ్యోతి తల వంచుకుని నిలబడేది.

మే నెలలో దావీదురాజు నాలుగోవాణ్ణి తెచ్చాడు. “పేరు శామ్. రాజంపేటలో సైన్సు అయ్యవారు. మన పాప బీయెడ్ చదివిండేదీ ఆడే గదా.”

“కూలర్ ఎయ్ పాపా, పిల్లోడు తడిసిపోయినాడు” అంది పెద్దమ్మ.

“తొట్టిలో నీళ్ళు లేవు పెద్దమ్మా.”

“పర్లేదులే పెద్దమ్మా, ఎండ నాకు అలవాటే” అన్నాడు శామ్. ఫ్యాను వేడిగాలి విసురుతోంది. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ముక్కు మీది చెమట బూందీలోకి రాలింది. తుడుచుకుని అదే తిన్నాడు.

అరగంట. ముప్పావుగంట. పెద్దమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని కొమ్మ దగ్గరికి వంగింది. సొలోమోను లేత చింతాకు రంగులో, ఒక కన్ను శామ్ మీద, ఇంకో కన్ను దావీదురాజు మీద పెట్టి హాయిగా ఉంది.

పెద్దమ్మకు ఏడుపు ఆగలేదు. “దేవునికి స్తోత్రం. నా బిడ్డకు శానా మంచి మనసున్నోడు దొరికినాడప్పా.”

దావీదురాజు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. శామ్ సొమ్మసిల్లేలా ఉన్నాడు గానీ నవ్వుతూనే ఉన్నాడు.

“అల్లున్ని ఇట్లా ఉడకబెడతామా? ఆ కూలర్‌లో రెండు బిందెలు నీళ్ళు పొయ్యి పాపా” అంది పెద్దమ్మ.

ప్రేమజ్యోతి బిందె తీసుకుని కూలర్ వెనక్కి వెళ్ళింది.

తొట్టి అంచుదాకా నీళ్ళున్నాయి.